అమెరికాలో ఏడు కోట్ల ఖాళీ జాగా

దసరాకు ఊరికొస్తున్నా. రైలు ఇంకా డోర్నకల్ దాటలేదు, బాబాయ్ ఫోన్. "బిడ్డా, కారేపల్లిలో దిగంగనే మీ ఇంటికి పోకు. ముందు మా ఇంటికి రా. ఒక కాగితం చూడాలె" అన్నాడు.

కాగితం అంటే ఒక కాగితం కాదు. వాట్సాప్‌లో వచ్చిన 186 పేజీల పీడీఎఫ్, మొత్తం ఇంగ్లిష్. మొదటి పేజీ మీద అద్దాల హోటల్ బొమ్మ, దాని వెనక నీలం ఆకాశం, మూలన గద్ద ముద్ర. పిన్ని చాయ్ గ్లాసు చేతికిచ్చి, "ఇది నిజమా అబద్ధమా, అంతే చెప్పు తల్లీ" అంది.

ఏడు కోట్ల ప్రశ్న అది.

మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, టెక్సాస్‌లో ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. హెచ్-1బీ లాటరీలో మూడుసార్లు పేరు రాలేదు. ఓపీటీ గడువు వచ్చే జూలైతో అయిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే, 2025 సెప్టెంబర్ 19న, కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రకటించింది. అక్కడే ఉండి చదువుకున్న పిల్లల వీసా మార్పులకు ఆ ఫీజు వర్తించదని అక్టోబర్ 20న గానీ తేలలేదు. ఆ మధ్య నెల రోజులు ఇక్కడి తల్లిదండ్రులు నిద్రపోలేదు. ఏజెంట్లు కూడా నిద్రపోలేదు, వాళ్ల కారణాలు వేరు.

ఖమ్మంలో ఒక హోటల్ హాల్లో మీటింగ్ పెట్టారు. బాబాయ్ మిర్చి వ్యాపారి. ముప్పై ఏళ్లుగా మార్కెట్ యార్డులో బస్తాలో చెయ్యి పెట్టి తాలుకాయ ఎంతుందో చెప్పే మనిషి. ఆ మనిషి సూటు వేసుకున్న కుర్రాడి మాటలకు తల ఊపి వచ్చాడు. ఆ కుర్రాడు చెప్పినవి మూడు. ఎనిమిది లక్షల డాలర్లు పెడితే గ్రీన్‌కార్డు గ్యారంటీ. అయిదేళ్లలో డబ్బు గ్యారంటీగా వాపస్. ప్రాజెక్టును అమెరికా గవర్నమెంటే అప్రూవ్ చేసింది.

నేను హైదరాబాద్‌లో ఒక హోమ్ లోన్ కంపెనీలో ఫైళ్లు చూస్తాను. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అప్రూవల్, ఇదే నా రోజు. అమెరికా వీసాల గురించి అప్పటికి నాకు తెలిసింది సున్నా. కానీ ఒక బిల్డింగ్ బొమ్మ చూపించి డబ్బులడిగితే ముందేం అడగాలో తెలుసు. దసరా సెలవులు నాలుగు రోజులూ మా బాబాయ్ వాళ్ల అరుగు మీద, ఫోన్‌లోనే గడిచాయి.

గ్యారంటీ ఉంటే వీసా లేదు

ఈబీ-5 అనేది నిజమైన వీసానే. 1990లో అమెరికా తెచ్చిన చట్టం. డబ్బు పెట్టి, పది మందికి పూర్తికాల ఉద్యోగాలు వచ్చేలా చేస్తే గ్రీన్‌కార్డు ఇస్తారు. 2022 మార్చి 15న దాన్ని సంస్కరించారు. మామూలు చోట పెట్టుబడి 10 లక్షల 50 వేల డాలర్లు. పల్లె ప్రాంతమో, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతమో అయితే 8 లక్షలు. పల్లె ప్రాజెక్టులకు వీసాల్లో 20 శాతం విడిగా పక్కన పెట్టారు. మా తమ్ముడిలా ఇప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లు పిటిషన్‌తో పాటే గ్రీన్‌కార్డు దరఖాస్తు కూడా వేసి, అది నడుస్తుండగా ఉద్యోగం చేసుకునే అనుమతి తెచ్చుకోవచ్చు. 2026 సెప్టెంబర్ 30 లోపు వేసినవాళ్లకు తర్వాత పథకం మారినా రక్షణ ఉంటుంది. ఏజెంట్ ఇవన్నీ చెప్పాడు. ఇవన్నీ నిజాలే. ఇబ్బంది అక్కడే ఉంది, సగం నిజం చెప్పేవాడితో.

మిగతా సగం దగ్గరికొద్దాం. ఈబీ-5లో పెట్టే డబ్బు 'రిస్కులో' ఉండాలి. ఇది చట్టంలోని షరతు. నీ డబ్బు నీకు తిరిగిస్తామని ఒప్పందంలో హామీ ఉంటే అది పెట్టుబడి కాదు, అప్పు. అప్పు కింద లెక్కేస్తే పిటిషన్ పోతుంది. అంటే 'డబ్బు వాపస్ గ్యారంటీ' అని మీకెవరైనా చెప్తే రెండే అర్థాలు. అతను అబద్ధమాడుతున్నాడు, లేదా నిజంగానే రాసిచ్చి మీ వీసాను చంపేస్తున్నాడు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ కలిసి 2013 అక్టోబర్‌లోనే ఒక హెచ్చరిక ఇచ్చాయి. వీసా గ్యారంటీ, లాభం గ్యారంటీ అనేవాళ్లను నమ్మొద్దని అందులో మొదట్లోనే ఉంది.

ఈ ముక్క చెప్పేసరికి బాబాయ్ మొహం మారింది. "మరి ఆ పిల్లగాడు అట్ల అన్నాడేంది?" అన్నాడు. పీడీఎఫ్‌లో చూపించాను. 'రిస్క్ ఫ్యాక్టర్స్' అనే భాగం 41 పేజీలుంది. పెట్టుబడి మొత్తం పోవచ్చు అని అందులో స్పష్టంగా రాసే ఉంది. మాటలో గ్యారంటీ, కాగితంలో గుండుసున్నా.

అప్రూవ్ అయింది ఏంటి?

బ్రోషర్ మీద 'యూఎస్‌సీఐఎస్ అప్రూవ్డ్' అని బంగారు రంగులో ఉంది. మన దగ్గర వెంచర్ల బోర్డుల మీద 'అప్రూవ్డ్' చూస్తే నాకు మొదట వచ్చే డౌట్ ఒకటే. దేనికి అప్రూవల్? లేఅవుట్‌కా, దాని దారికా, ముందున్న గేటుకా?

ఇక్కడా అదే జరిగింది. ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు పోగుచేసే సంస్థను రీజినల్ సెంటర్ అంటారు. దానికి ఒక గుర్తింపు ఉంటుంది. ప్రాజెక్టుకు వేరే దరఖాస్తు, ఐ-956ఎఫ్, విడిగా వేయాలి. రీజినల్ సెంటర్ల జాబితా, రద్దయినవాటి జాబితా రెండూ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. వెతికితే ఈ సెంటర్ పేరు గుర్తింపు ఉన్నవాటిలోనే దొరికింది. పిన్ని గాలి పీల్చుకుంది. కానీ ప్రాజెక్టుకు వాళ్లు జత చేసింది అప్రూవల్ లెటర్ కాదు, దరఖాస్తు అందింది అనే రసీదు. మన దగ్గర మీసేవ రసీదు చూపించి పట్టా ఉందనడం లాంటిది.

ఇంకో సంగతి. ప్రాజెక్టుకు నిజంగానే అప్రూవల్ వచ్చినా, వలసల శాఖ చూసేది ఉద్యోగాల లెక్క, చట్టం షరతులు. మీ ఏడు కోట్లు తిరిగొస్తాయా అన్నది వాళ్ల పని కాదు. గవర్నమెంట్ ముద్ర ఉన్నంత మాత్రాన ఏమవుతుందో వెర్మాంట్ రాష్ట్రం చూపించింది. అక్కడ జే పీక్ అనే మంచు క్రీడల రిసార్టు పేరు మీద, ఏకంగా ఆ రాష్ట్ర ప్రభుత్వం నడిపే రీజినల్ సెంటర్ కింద, 35 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారు. గవర్నర్లు, సెనేటర్లు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. 2016 ఏప్రిల్‌లో ఎస్ఈసీ కేసు పెట్టింది. ఒక ప్రాజెక్టుకిచ్చిన డబ్బుతో ఇంకో ప్రాజెక్టు గుంత పూడ్చారనీ, యజమాని ఏరియల్ కిరోస్ సొంతానికి వాడుకున్నాడనీ బయటపడింది. బయోటెక్ ఫ్యాక్టరీ అని చెప్పిన చోట ఫ్యాక్టరీ లేదు. కిరోస్‌కు 2022లో అయిదేళ్ల జైలు పడింది. రిసార్టు మాత్రం నిజమే, ఇప్పటికీ మనుషులు అక్కడ మంచు మీద జారుతున్నారు.

షికాగోలో ఇంకోటి. అన్షూ సేఠీ అనే కుర్రాడు విమానాశ్రయం దగ్గర పెద్ద హోటళ్లు, కన్వెన్షన్ సెంటర్ కడతానని 250 మందికి పైగా ఇన్వెస్టర్లకు 14.5 కోట్ల డాలర్ల వాటాలు అమ్మాడు. పేరున్న హోటల్ కంపెనీలు ఒప్పుకున్నాయని చెప్పాడు, అవి ఒప్పుకోలేదు. 2013 ఫిబ్రవరిలో ఎస్ఈసీ ఆపించింది. అసలు డబ్బు చాలావరకు ఎస్క్రో ఖాతాలో ఉండటం వల్ల దక్కింది. 'అడ్మిన్ ఫీజు' పేరుతో విడిగా తీసుకున్న కోటీ పది లక్షల డాలర్లలో 90 శాతానికి పైగా అప్పటికే ఖర్చయిపోయింది. మా పీడీఎఫ్‌లో కూడా 70 వేల డాలర్ల అడ్మిన్ ఫీజు ఉంది. అది ఎస్క్రోలోకి పోదు. ఆ లైను 112వ పేజీలో ఉంది.

ఇవి చదివి వినిపిస్తుంటే బాబాయ్ వాళ్ల ఇంటి వెనక బొగ్గు గూడ్సు పోయింది. కారేపల్లిలో మాట మధ్యలో రైలు పోవడం మామూలే, అందరం ఆగి మళ్లీ మొదలుపెడతాం. ఆ గూడ్సు చూస్తే నాకు ఇంకో కథ గుర్తొచ్చింది. మా మండలం అసలు పేరు సింగరేణి. సింగరేణి బొగ్గుకు ఆ పేరు ఇక్కణ్నించే పోయింది. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇల్లందు దగ్గర బొగ్గుందని తేల్చాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వుకునే హక్కు దక్కింది. ఆ కంపెనీ వాటాల్లో అత్యధిక భాగం పైసా కట్టకుండానే ప్రమోటర్ల చేతికి పోయింది. తర్వాత నిజాం ప్రభుత్వం చేత ఎక్కువ ధరకు వాటాలు కొనిపించారు. కొనిపించిన అధికారి అబ్దుల్ హక్, అమ్మినవాళ్లలో ఆయనే ఉన్నాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. అంటే దూరంగా ఉన్న గనిని బొమ్మగా చూపించి వాటాలు అమ్మే ఆట మా ఊరికి కొత్త కాదు. అక్కడ బొగ్గు మాత్రం నిజం. జే పీక్‌లో మంచు నిజం. ఆస్తి నిజమైనంత మాత్రాన అమ్మే కాగితం నిజం కానక్కర్లేదు.

అమెరికా ఈసీ

మన దగ్గర జాగా కొంటే ఈసీ తీస్తాం కదా. అమెరికాలో కౌంటీ రికార్డర్ ఆఫీసు ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. చాలా కౌంటీల్లో రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. పీడీఎఫ్‌లో ఉన్న అడ్రస్ కొట్టాను. జాగా వేరే కంపెనీ పేరు మీద ఉంది. దాని మీద ఒక బ్యాంకు తాకట్టు ఉంది. దాని కింద ఒక కాంట్రాక్టర్ క్లెయిమ్ ఉంది. మట్టి చదును చేసిన బిల్లు అందలేదని ఆ జాగా మీదే రాయించుకున్నాడు. హోమ్ లోన్ ఫైలులో ఇట్లాంటిది కనిపిస్తే మేము ఆ ఫైలు అక్కడే మూసేస్తాం.

తర్వాత 'పల్లె ప్రాంతం' సంగతి చూశాను. 8 లక్షలకు అర్హత రావాలంటే ఆ చోటు మెట్రో ప్రాంతం బయట ఉండాలి. ఇరవై వేలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లోనూ ఉండకూడదు. మెట్రో ప్రాంతాల జాబితా అక్కడి ప్రభుత్వమే ప్రచురిస్తుంది. ఆ కౌంటీ పేరు జాబితాలో ఉంది. అంటే పల్లె కాదు. ఇక నిరుద్యోగ ప్రాంతం అనైనా తేలకపోతే, 8 లక్షలు పెట్టినా లెక్కకు రెండున్నర లక్షల డాలర్లు తక్కువ. పిటిషన్ అక్కడే పోతుంది. ఇది కనుక్కోవడానికి నాకు పట్టింది పదిహేను నిమిషాలు. అందులో సగం సిగ్నల్ కోసం గేటు దాకా నడిచిన టైమే.

'30 సీట్లలో 24 నిండాయి, త్వరపడండి' అని మీటింగ్‌లో చెప్పారట. ఇలాంటి వాటాలు అమ్మే కంపెనీలు ఎస్ఈసీకి ఫారం డీ అని ఒకటి ఇస్తాయి. ఎడ్గర్ అనే వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే వస్తుంది. ఎంత అమ్మారు, ఎంతమందికి, కమిషన్ ఎంత అన్నీ అందులో రాయాలి. ఆగస్టులో ఇచ్చిన ఫారంలో ఇన్వెస్టర్ల సంఖ్య 2. తర్వాత పెరిగి ఉండొచ్చు, నెలన్నరలో 24 అవుతుందా అంటే నాకైతే నమ్మకం లేదు.

కమిషన్ అంటే గుర్తొచ్చింది. 2022 చట్టం ప్రకారం ప్రాజెక్టు అమ్మే ఏజెంట్ ఇండియాలో ఉన్నా సరే ఐ-956కె ఫారంతో యూఎస్‌సీఐఎస్‌లో నమోదు కావాలి. తనకు ముట్టే సొమ్ము ఇన్వెస్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. బాబాయ్‌తో స్పీకర్‌ఫోన్‌లో అడిగించాను. "సార్, అదంతా మా లీగల్ టీమ్ చూసుకుంటది, మీరు టోకెన్ అమౌంట్ వేయండి" అన్నాడు. బాబాయ్ ఫోన్ పెట్టేసి, "సరుకు బాగుందనేటోడు బస్తా విప్పమంటే విప్పాలె కదా" అన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి మా మిర్చి బాబాయ్ కనిపించాడు.

అయినా ఆయనకు మనసొప్పలేదు. కొడుకు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఫోన్‌లో కోపంగా మాట్లాడుతున్నాడు. "అక్కా, నీకు ప్రతీదీ ఫ్రాడ్‌లాగే కనిపిస్తది. నా గడువు నీకు కనిపించదు" అన్నాడు నాతో. తప్పు పట్టలేను. 2011లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టించుకున్న పిల్లల్లో చాలామంది మనవాళ్లే. 2019లో ఫార్మింగ్టన్ వలలో పడ్డవాళ్లలోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే. గడువు తరుముతున్నప్పుడు ఎవరూ కాగితాలు చదవరు. ఆ వ్యాపారం చేసేవాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

"నువ్వే పోయి చూసిరా. నాలుగు గంటల డ్రైవ్" అన్నాను.

మన సంచీ కూడా విప్పాలి

వాడు పోయేలోపు ఇంకో లెక్క వేశాం. అమెరికా వాళ్ల కాగితాలు మనం చూస్తే సరిపోదు, మన డబ్బు పుట్టుక వాళ్లు చూస్తారు. ప్రతి రూపాయి ఎక్కణ్నుంచి వచ్చిందో దారి చూపించాలి. తండ్రి కొడుక్కి గిఫ్ట్‌గా ఇచ్చినా తండ్రి సంపాదన నిరూపించాలి.

ఆర్‌బీఐ లెక్కలో ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపకూడదు. అందుకే అందరూ మార్చి 31 లోపు ఒకసారి, ఏప్రిల్ 1 తర్వాత ఒకసారి, భార్యాభర్తలిద్దరి పేర్ల మీద పంపుతారు. ఏజెంట్ ఇంతవరకే చెప్పాడు. ఒక్కొక్కరికి ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుందని చెప్పలేదు. డాలరు 88 రూపాయలనుకున్నా ఎనిమిది లక్షల డాలర్లు ఏడు కోట్ల నాలుగు లక్షలు. దాని మీద టీసీఎస్ దాదాపు కోటీ ముప్పై రెండు లక్షలు. రిటర్నుల్లో తిరిగి అడగొచ్చు, కానీ ముందు చేతిలో ఉండాలి. అంటే అడ్మిన్ ఫీజు, వకీలు ఖర్చు కలపకముందే ఎనిమిదిన్నర కోట్లకు చేరువ. పిన్ని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అమ్ముదామనుకున్నవి ఖమ్మం బైపాస్ ప్లాటు, ఊళ్లో పొలం, ఇల్లందు వైపు మామిడి తోట. తోట దగ్గర ఆగిపోయాం. అది ఏజెన్సీ భూమి. తాత ఎప్పుడో తెల్లకాగితం మీద రాయించుకున్నాడు. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మన నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ, ప్రకారం అక్కడ గిరిజనేతరుడు కొనడం, గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. యూఎస్‌సీఐఎస్ ముందు ఆ కాగితం పెట్టలేం. నిజం మాట్లాడుకుంటే ఎవరి ముందూ పెట్టలేం. ఆ తోట గురించి మా ఇంట్లో గట్టిగా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

ఒక నిమిషం వీడియో

ఆదివారం రాత్రి, మాకు పదిన్నర అయి ఉంటుంది, తమ్ముడు వీడియో పంపాడు. ఒక నిమిషం పన్నెండు సెకన్లు. మోకాలెత్తు గడ్డి. మూలన చదును చేసి వదిలేసిన ఎర్రమట్టి గుట్ట. హైవే మీద లారీల చప్పుడు. కెమెరా మెల్లగా తిరిగి ఒక బోర్డు మీద ఆగింది. హోటల్ బోర్డు కాదు, 'జాగా అమ్మబడును' అని ఒక రియల్టర్ ఫోన్ నంబరుతో ఉన్న బోర్డు.

వాడు మాట్లాడలేదు. చివర్లో కారు డోరు వేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

బాబాయ్ ఆ వీడియో మూడుసార్లు చూశాడు. నాలుగోసారి గడ్డి దగ్గర ఆపి, "పశువులకు మంచిగుంటది" అన్నాడు. అందరం నవ్వాం, పిన్ని తప్ప.

తర్వాత తమ్ముడితో గంటసేపు మాట్లాడాను. ఈబీ-5 వద్దని నేననలేదు. మంచి ప్రాజెక్టులూ ఉన్నాయి, వాటిలో డబ్బు పెట్టి గ్రీన్‌కార్డు తెచ్చుకుని, అసలు కూడా వెనక్కి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ప్రాజెక్టువాళ్లు చూపించిన వకీలు కాకుండా మన డబ్బుతో మన వకీలును పెట్టుకోవాలి. కంపెనీ నడిపేవాళ్ల పేర్లు కోర్టు కేసుల్లో వెతకాలి, అమ్మేవాడి పేరు బ్రోకర్‌చెక్‌లో కొట్టాలి. బ్యాంకు అప్పు ముందా, మన డబ్బు ముందా అని చూడాలి. హోటల్ మునిగితే మొదట బ్యాంకు తీసుకుంటుంది, మిగిలితేనే మనకు. ఇంత చెప్పాక వాడు అడిగింది ఒక్కటే. "మరి జూలైకి నేనేం చేయాలి అక్కా?"

దానికి నా ఫోన్‌లో ఏ వెబ్‌సైటూ లేదు. మార్చిలో లాటరీ ఇంకోసారి ఉంది. కెనడా సంగతి ఒకటి చూస్తున్నాడు. వెనక్కొస్తే హైదరాబాద్‌లో ఉద్యోగం దొరక్కపోదు, కానీ ఎంఎస్‌కు తీసుకున్న అప్పు రూపాయల జీతంతో తీరడానికి ఏళ్లు పడుతుంది.

పోయిన వారం బాబాయ్ దగ్గర్నుంచి ఇంకో పీడీఎఫ్ వచ్చింది. వేరే ఏజెంట్, వేరే రాష్ట్రం, ఈసారి హోటల్ కాదు, అపార్ట్‌మెంట్లు. 214 పేజీలు. కింద బాబాయ్ వాయిస్ మెసేజ్: "బిడ్డా, అప్రూవల్ లెటరే ఉందట, రసీదు కాదు. పల్లెనో కాదో నేనే చూసిన, జాబితాలో పేరు లేదు. జాగా ఎవరి పేరు మీదుందో అది మాత్రం నాకు దొరుకుతలేదు. నువ్వు చూడు."

ఆఫీసు నుంచి వచ్చి కౌంటీ రికార్డర్ పేజీ తెరిచాను.